ఖాళీ తూకం

నేను మానేశాను గానీ నా గొంతు ఇంకా ఆ కంపెనీలో పనిచేస్తూనే ఉంది. మూడు షిఫ్టులూ దానివే. ఆదివారం సెలవు కూడా లేదు పాపం. ఎర్రగుంట్ల దగ్గర ఆ సిమెంటు ఫ్యాక్టరీ గేటు దాటి లారీ కాటా మీదికి ఎక్కిందంటే చాలు, స్తంభానికి బిగించిన స్పీకర్లోంచి నేను పలుకుతాను. "ముందుకు రండి. ఆపండి. దిగండి."

ఇరవై రెండేళ్లు నేను అక్కడ కాటా గుమాస్తాను. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, సరుకు నింపుకుని పోయేటప్పుడు ఒకసారి తూచాలి. డ్రైవరూ క్లీనరూ దిగాకే తూకం. మనిషి బరువు సిమెంటు ఖాతాలో పడకూడదు. అద్దాల గదిలో కూర్చుని మైకులో ఆ మూడు మాటలు చెప్పి, బొత్తాం నొక్కి, చీటీ కిటికీలోంచి అందించడమే ఉద్యోగం. తూచేవాడు తూగకూడదు, అదొక్కటే నిబంధన. నేను చూస్తే పుట్టు వాగుడుకాయను. ఒక మాట దొరికితే దాన్ని విరిచి, లోపల ఇంకో మాట దాగుందేమో చూడనిదే వదలను. అలాంటివాడికి షిఫ్టుకు మూడు మాటల రేషను. మిగిలిన సరుకంతా కిటికీ దగ్గర డ్రైవర్ల మీద దించేవాణ్ణి. చీటీ తీసుకునే అర నిమిషంలో వాళ్లు ఒక హాస్యం విని, నవ్వో తిట్టో బదులిచ్చి పోయేవాళ్లు. ఆ అర నిమిషాలు అతుకుపెట్టుకుని బతికాను.

నిరుడు చివర్లో కాటాకు కొత్త యంత్రం వచ్చింది. బండి నంబరు కెమెరా చదువుకుంటుంది. చీటీ ఒక పెట్టెలోంచి నాలుక చాపినట్టు బయటికొస్తుంది. మాటలు మాత్రం ఎవరో ఒకరివి కావాలి కదా. కంపెనీ ఇంజనీరు నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి, గొంతు గంటలా ఉందని మెచ్చుకుని, ఆ మూడు మాటలూ రికార్డు చేసుకున్నాడు. నేను ఉబ్బిపోయి మా వీధిలో ఇంటింటికీ చెప్పుకున్నాను. మరుసటి వారం నా కిటికీకి తలుపు బిగించారు.

నన్ను తీసెయ్యలేదు. యంత్రం చెడితే చూసేందుకు పక్కన ఒక మనిషి ఉండాలని రూలట. అది చెడలేదు, నేనే చెడుతూ వచ్చాను. ఎనిమిది గంటలు అద్దం వెనక కూర్చుని, నా గొంతు బయట డ్యూటీ చేస్తూ ఉంటే వింటూ ఉండేవాణ్ణి. తుమ్ము లేదు, దగ్గు లేదు, విసుగు లేదు. నాకంటే మంచి ఉద్యోగి.

శివరాత్రి మరునాడు దావీదురాజు బండి కాటా ఎక్కింది. పదిహేనేళ్లుగా నా హాస్యాలకు మొదటి బలి అతనే. చీటీ తీసుకున్నాక నేరుగా పోకుండా అద్దం దగ్గరికొచ్చి, చేతులు రెండూ కళ్లకు అడ్డం పెట్టుకుని లోపలికి చూశాడు. వేలితో తట్టాడు.

"అన్నా, లోపల ఉండేది నువ్వా, ఆడ మాట్లాడేది నువ్వా?"

ఎగతాళికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. ఆ మధ్యాహ్నమే తెల్లకాగితం తీసుకుని రాజీనామా రాశాను. రాజీనామాలో రాజీ కంపెనీకి, నామం మనకి. ఆఫీసులో పర్సనల్ ఆఫీసరు కాగితం చదివి, ఏ కంపెనీలో చేరుతున్నావని అడిగాడు. ఇంటికి పోతున్నానన్నాను. అది కాదయ్యా, తర్వాత ఎక్కడికి అన్నాడు. తర్వాత కూడా ఇంటికే అన్నాను. అతను నన్ను కాసేపు జాలిగా చూసి, నీ సెలవులు ముప్పై రోజులున్నాయి, నోటీసు గడువూ ముప్పై రోజులే, రెంటికీ చెల్లు, ఉగాది ముందు అమావాస్యనాడు వచ్చి కార్డు ఇచ్చేసి పో, ఈలోగా మనసు మారితే చెప్పు అన్నాడు.

మాది జమ్మలమడుగులో నేతగాళ్ల వీధి. ఇంట్లో ఒక దేవి, ఒక రాణి. దేవి మా అమ్మ గంగాదేవి. రాణి నా భార్య ప్రమీలారాణి. ఆ దేవికీ ఈ రాణికీ మధ్య, పేరుకు తగ్గట్టే, నేను ఒట్టి మద్దయ్యను. మా నాయన గుంట మగ్గంలో నడుము దాకా దిగి బతుకంతా నేసి, ఈ గుంటలో నేను పడింది చాలు, నువ్వు పడొద్దని నన్ను ఫ్యాక్టరీకి తోలాడు. ఆయన పోయాక ఆ గుంటలోకి దిగింది నేను కాదు, ప్రమీల. ముందు గదిలో మగ్గం, మగ్గంలో ఆమె. అమ్మ పక్కనే రాట్నం పెట్టుకుని కండెలు చుట్టి ఇస్తుంది. పేక అంటే మగ్గం మీద అడ్డదారం, నాకు తెలిసింది మాత్రం వీధి అరుగు మీద ఆడే పేకే.

అమ్మే ముందు అడిగింది, అయితే యాడ చేరతాండావురా అని. యాడా లేదన్నాను. యాడా లేకపోవడమంటే ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు. ఆ పేరుతో ఇంకో ఊరేమైనా ఉందేమోనన్నట్టు చూసింది. మగ్గం ఆగింది.

"మామా, ఇంకోటి చూసుకోకుండానే మానుకుంటివా?"

"అవును."

"ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

"నేనే అన్నాను. దినానికి రెండు నూర్లసార్లు."

ఆమెకు అర్థమైందో లేదో తెలీదు. పేకను అటూ ఇటూ నడిపే నాడె మళ్లీ చేతికి తీసుకుంది. ఆ సాయంత్రం నేసినంత గట్టిగా ప్రమీల ఎన్నడూ నెయ్యలేదు. ఆ గజం గుడ్డలో నీళ్లు పోసినా కారవు.

ఆమె కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. మా వీధిలో ఏటా ఉగాది ముందు అమావాస్యకు మా నేతగాళ్ల దేవత చౌడమ్మకు చీర పెడతారు. చీర ఎవరింట్లో నెయ్యాలన్నది చీటీలు వేసి తేలుస్తారు. ప్రమీల కాపురానికొచ్చి ఇరవై నాలుగేళ్లు, ఏ ఏడూ మా చీటీ రాలేదు. ఈసారి వచ్చింది. ఆ చీరకు పడుగు వేరే. అంటే నిలువు దారాల వరస మొత్తం ఆ ఒక్క చీర కోసమే సాగదీసి తెస్తారు. దాని మీద ఇంకో చీర నెయ్యరు. మగ్గం మీద ఉన్న పాత పడుగు ముగించి, ఈ పడుగు ఎక్కించి, అమావాస్య లోపల చీర కొయ్యాలి. ఆమె దినాలు లెక్కపెట్టుకుని ఉన్న నెలలో నేను ఉద్యోగం మానుకుని వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

కూర్చున్నానన్న మాట కూడా అబద్ధమే. కాలు ఒకచోట నిలిస్తే కదా. తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ. స్నానం చేసి, తల దువ్వి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గడపలో నిలబడేవాణ్ణి. కంపెనీ బస్సు వీధి మలుపులో అలవాటు కొద్దీ నాకోసం నెమ్మదించేది, ఒక హారను కొట్టేది, పోయేది. అది పోయాక పెన్న వంతెన దాకా నడిచి, నీళ్లు లేని ఏటిని చూసి, ఏటికి ఏటేటా ఇదే పనా అనుకుని, తిరిగి వచ్చేవాణ్ణి. అప్పటికింకా ఏడు కూడా కాదు. తలుపుల బందులకు నూనె పోశాను. బాగున్న ఫ్యాను విప్పి బాగుచేశాను, అది మరి తిరగలేదు. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దాను. జీలకర్ర కోసం ప్రమీల మూడు రోజులు వెతికింది. టీ అంగడి దగ్గర అందరూ సెలవాప్పా అని అడిగేవాళ్లు. సెలవే అనేవాణ్ణి. నెలాఖరు దాకా అది అబద్ధం కాదు కదా.

మా కూతురు శివజ్యోతి కర్నూలులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. సంగతి తెలిసినప్పటి నుంచి ఆ పిల్ల రోజుకో ఉద్యోగం ఫోనుకు పంపేది. బెంగళూరులో సెక్యూరిటీ సూపర్‌వైజరు, తిరుపతిలో లాడ్జి మేనేజరు. పదో రోజున వచ్చిన ప్రకటన చూసి ఫోను బోర్లా పెట్టేశాను. ఎవరో అనౌన్సుమెంట్లు రికార్డు చెయ్యడానికి మంచి గొంతు కావాలట.

ఇవన్నీ అయ్యాక మగ్గం పక్కన ముక్కాలిపీట వేసుకుని చేరేవాణ్ణి. ఇరవై రెండేళ్ల బాకీ మాటలు ఒక్కసారిగా తన్నుకొచ్చేవి. నాడె మీద ఒకటి, నాడా మీద ఒకటి, కండె మీద ఒకటి, కండ మీద ఒకటి. అంచులో పువ్వు ఎత్తడానికి ప్రమీల పోగులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. నా మాట మధ్యలో పడి ఆ లెక్క చెదిరేది. నాలుగోసారి చెదిరినప్పుడు ఆమె తల ఎత్తకుండానే అంది.

"మామా, నీకు మూడు మాటలే ఇచ్చినారంటే ఆ కంపెనోళ్లు శానా తెలివైనోళ్లు."

అమ్మ రాట్నం వెనక నవ్వు దాచుకుంది. నేను లేచి మళ్లీ పెన్న వంతెన దాకా పోయాను. ఎండ అప్పటికే కొరకడం మొదలుపెట్టింది. ఆ వంతెన మీద నిలబడి చూస్తే నాకు ఒక సంగతి తోచింది. కంపెనీలో నా గొంతుంది, నేను అక్కర్లేదు. ఇంట్లో నేనున్నాను, నా గొంతు అక్కర్లేదు. రెండూ కలిసి ఉండే చోటు ఒకటుండాలి. అది ఎక్కడో తెలియక, సోమవారం పొద్దున పర్సనల్ ఆఫీసరుకు ఫోను చేశాను. అతను సంతోషించాడు. ఈ శనివారం పదకొండింటికి పైవాళ్లు ఆఫీసులో ఉంటారు, వాళ్ల ముందు నేనే ఫోను చేస్తాను, సరేనని ఒక్క మాట చెప్పు, కాగితం చించేస్తాను, ఎత్తకపోతే మాత్రం అది ముందుకు పోతుంది, తర్వాత నా చేతిలో ఉండదు అన్నాడు. మూడు మాటలు పోయి ఒక్క మాటకు వచ్చింది రేషను.

ఇంట్లో చెప్పాను. అమ్మ రెండు చేతులూ నా చెంపలకు రాసి మెటికలు విరిచింది. ప్రమీల నీ ఇష్టం మామా అంది. ఆ మాటను ఎంత విరిచి చూసినా లోపల ఇష్టమూ కనబడలేదు, అయిష్టమూ కనబడలేదు.

మంగళవారం సాయంత్రం పాత పడుగు ముగిసింది. చివరి చీర కోసి ప్రమీల మడతపెట్టింది. బుధవారం పొద్దున అమ్మవారి పడుగు తేవడానికి ప్రొద్దుటూరు బయలుదేరింది. దాని మీద మొదట పెద్ద చెయ్యి పడాలని అమ్మనూ వెంటబెట్టుకుంది. ఇంట్లో నేనూ, మగ్గమూ. మగ్గం అచ్చులోంచి, అంటే దువ్వెనలాంటి ఆ ఇనుప చట్రంలోంచి, పాత పడుగు కొసలు జానెడు పొడవున కుచ్చులు కుచ్చులుగా వేలాడుతున్నాయి.

చూడగానే నాకు పదేళ్ల వయసు గుర్తొచ్చింది. ఆ ఏడు అమ్మవారి చీర మా ఇంటికే వచ్చింది. నాయన అచ్చులోంచి పాత పోగులన్నీ కోసి లాగి పారేసి, అచ్చును పసుపు నీళ్లలో కడిగి ఎండలో ఆరబెట్టడం నేను కళ్లారా చూశాను. అమ్మవారి చీరకు పాత పోగు తగలకూడదన్నమాట. ప్రమీల తిరిగి వచ్చేసరికి మగ్గం శుభ్రంగా ఉంటే ఎంత సంబరపడుతుంది. కత్తెర తీసుకున్నాను. కుచ్చులు ముడుల దగ్గర కోశాను. అచ్చులోంచి, దాని వెనక దారాల కళ్లలోంచి ప్రతి పోగునూ లాగేశాను. అచ్చు విప్పి పసుపు నీళ్లలో కడిగి, గుడ్డతో తుడిచి, మెరిసేదాకా కొబ్బరినూనె రాశాను. రెండు గంటలు పట్టింది. ఇరవై రోజుల్లో మొదటిసారి నా కాళ్లు ఒకచోట నిలిచాయి. ఈలపాట కూడా పాడానని జ్ఞాపకం.

ప్రమీల పడుగు భుజం మీద మోసుకుని గడప దాటింది. మగ్గం చూసింది. పడుగు నెమ్మదిగా దించి మంచం మీద పెట్టింది.

"కొసలేవి?"

కోసేశానన్నాను. నాయన సంగతి చెప్పాను. చెబుతూ ఉండగానే అమ్మ ముఖం చూసి గొంతు చిన్నదైంది.

"మీ నాయన ఆ ఏడు అచ్చే మార్చినాడురా," అంది అమ్మ. "పాతదానికి పండ్లు ఇరిగిపోయింటే. పసుపు నీళ్లు పోసింది కొత్త అచ్చుకు."

నేతింట్లో పుట్టి నేత తెలియనివాడు మాత్రమే చెయ్యగల తప్పు అది. బొత్తిగా తెలియనివాడైతే మగ్గం ముట్టుకోడు. తెలిసినవాడైతే కత్తెర ముట్టుకోడు. పడుగు ముగిసినప్పుడు జానెడు కొసలు ఉంచేది అలంకారానికి కాదు. ఆ నాలుగు వేల పోగుల్లో ప్రతి ఒక్కటీ తన కన్నులో, తన పంటి సందులో అప్పటికే కూర్చుని ఉంటుంది. కొత్త పోగు తెచ్చి, వేళ్లకు బూడిద అద్దుకుని, పాత కొసతో కలిపి మెలివేస్తే చాలు, ముందు నుంచి లాగితే పాతది కొత్తదాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. పూట పని. కొస లేకపోతే నాలుగు వేల పోగుల్నీ ఒక్కొక్కటిగా ముందు కంట్లోంచి, తర్వాత అచ్చు పంటి సందులోంచి కొక్కెంతో లాగాలి. ఇద్దరు మనుషులు, మూడు రోజులు. చిన్నప్పుడు ఇదంతా చూసినవాణ్ణే. ఎక్కడ పారేసుకున్నానో.

ప్రమీల అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, తిరిగి అరవడం నాకు చేతనవును.

"ఉద్యోగం కోసినట్లే కోసినావు మామా. అతుకేసేదానికి జానెడన్నా ఇడిసిపెట్టకుండా."

ఇరవై రెండేళ్లలో పోగు చేసింది ఏమీ లేదు, రెండు గంటల్లో నాలుగు వేల పోగులు పోగొట్టాను. అచ్చు నాకు అచ్చిరాలేదు. ఈ రెండు మాటలూ అప్పుడే నాలుక కొసకు వచ్చాయి. పెళ్లయిన తర్వాత మొదటిసారి మింగాను.

ఆ సాయంత్రమే ప్రమీల వీధంతా తిరిగి వచ్చింది. ఉగాది ముందు ఏ మగ్గమూ ఖాళీ లేదు, ఏ చెయ్యీ ఖాళీ లేదు. అమ్మకు కళ్లు ఆనవు. వీధి మొత్తానికి ఖాళీగా ఉన్న మనిషి ఒక్కడే.

గురువారం పొద్దున ఆమె ముందు గుంటలో కూర్చుంది. నేను మగ్గం వెనక కింద కూర్చున్నాను. పడుగులోంచి వరస తప్పకుండా ఒక పోగు విడదీసి దారపు కన్ను దగ్గర పట్టాలి. ఆమె అటు నుంచి కొక్కెం దూర్చి దాన్ని అందుకుని, ఊఁ అంటుంది. ఆ ఊఁ వినబడితే నేను తర్వాతి పోగు తియ్యాలి. అంతే పని. మూడు మాటల ఉద్యోగం వదిలిపెట్టి, ఊఁ అనే ఒక్క మాట, అదీ నాది కాని మాట వినే ఉద్యోగంలో చేరానన్నమాట. మొదటి పూట మూడు చోట్ల వరస తప్పింది. రెండు నూర్ల పోగులు విప్పి మళ్లీ మొదలుపెట్టాం. ఒక హాస్యమాడితే ఒక పోగు జారుతుందని తెలిశాక నోరు మూసుకున్నాను. మా ఇద్దరి మధ్య దారాల తెర. అందులోంచి ఆమె ముఖం చీలికలు చీలికలుగా కనబడుతుంది. ఒక కన్ను, ముక్కుపుడక, పెదవి మీద చెమట. అంత దగ్గరగా, అంతసేపు, ఎదురెదురుగా మేమెప్పుడు కూర్చున్నామో గుర్తు రాలేదు.

శుక్రవారానికి నా వేళ్లకు దారి దొరికింది. ఊఁకీ ఊఁకీ మధ్య ఎడం తగ్గింది. నేను మాట్లాడకపోయేసరికి ప్రమీల మాట్లాడటం మొదలుపెట్టింది. చెయ్యి ఆపకుండా, తల ఎత్తకుండా చెప్పుకుపోయింది. నేను షిఫ్టు నుంచి వచ్చి అన్నం తిని ఎనిమిదింటికల్లా పడుకునేవాణ్ణట. ఎవరింట్లో పెళ్లి, ఎవరింట్లో చావు అన్నది చెప్పాలని కూర్చుంటే గురక వినబడేదట. నిద్రలో మాత్రం మాట్లాడేవాణ్ణట. ముందుకు రండి, ఆపండి, దిగండి అని. ఒకసారి నిజంగానే మంచం దిగి కింద పడుకున్నానని చెప్పి, ఊఁ అంది.

"నీ జోకులు యాడ వినేదాన్నో తెలుసునా? సంతలో. దావీదురాజు పెండ్లాం చెప్పేది. నువ్వు చెప్పిన మూడు దినాలకు."

నా చేతిలో పోగు ఆగింది. ఆమె కొక్కెం కంట్లోనే ఉంచి కాచుకుంది. నేను పోగు అందించాను. ఊఁ అంది.

శనివారం పొద్దున పన్నెండు నూర్ల పోగులు మిగిలాయి. ఆ రోజు ఎక్కాల్సిందే. లేకపోతే వారంలో చీర దిగదు. ఎనిమిదింటికి కూర్చున్నాం. పదకొండింటికి కిటికీలో పెట్టిన ఫోను మోగింది. నా ఎడమచేతిలో విడదీసిన పోగుల కట్ట, కుడిచేతి వేళ్ల మధ్య ఒక పోగు. వదిలితే వరస కలిసిపోతుంది. ఫోను మోగి ఆగింది. మళ్లీ మోగింది. వసారాలోంచి అమ్మ ఒరే ఫోను అంది. కాసేపాగి ఒరే మద్దయ్యా, ఆ ఆఫీసరేమోరా అంది. ప్రమీల కొక్కెం కంట్లోంచి ఇటువైపుకు వచ్చి ఉంది. దాని మొన నా వేలికి అంగుళం దూరంలో కదలకుండా నిలబడింది. తెర వెనక ఆమె కన్ను ఒకటి నాకు కనబడుతోంది. రెప్ప వెయ్యలేదు.

మూడోసారి మోగింది.

"పట్టుకో," అన్నాను.

"ఊఁ."

ఫోను ఆగింది. చేతిలో పోగులున్నాయమ్మా, వదిలితే వరస తప్పుతాదని కేక వేసి చెప్పాను. అది నిజమే. దాని లోపల ఇంకో నిజం ఏమైనా ఉందేమో, ఆ ఒక్కసారికి విరిచి చూడలేదు. అమ్మ రాట్నం చాలాసేపు తిరగలేదు. తర్వాత తిరిగింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చివరి పోగు దిగింది. ఎదురింటి వెంకటేశ్వరమ్మ చూడటానికి వచ్చి, అచ్చు మీద వేలు వేసి ఒక చివర నుంచి ఇంకో చివర దాకా లాగి, ఎక్కడా సందు తప్పలేదని నిర్ధారణ చేసుకుంది. ఉగాది పోయినాక మా ఇంట్లో కూడా పడుగు మారుస్తాం, మా ఆయన చేతులు వణుకుతాండాయి, నీ మొగున్ని ఒక పూట కూర్చోమంటావా అని ప్రమీలను అడిగింది. ముందు ఈడ ముగియనీ అక్కా అంది ప్రమీల. కూర్చోడని మాత్రం అనలేదు.

ఆ వారమంతా మగ్గం మోగుతూనే ఉంది. పసుపు నేల, ఎర్రంచు. అమ్మకు బదులు నేనూ కండెలు చుట్టాను. మొదటి పది కండెలు అమ్మ విప్పి మళ్లీ చుట్టింది.

అమావాస్యనాడు కార్డు ఇచ్చి రావాలి. పొద్దున గడపలో చెప్పులు వేసుకుంటుంటే ప్రమీల క్యారియరు తెచ్చి చేతికిచ్చింది. డ్యూటీ రోజుల్లో లాగే మూడు గిన్నెలు. నేను కార్డు ఇవ్వడానికి పోతున్నానో, వాళ్ల కాళ్లు పట్టుకుని కుర్చీలో కూర్చోవడానికి పోతున్నానో ఆమె అడగలేదు. రెంటికీ పనికొచ్చేలా అన్నం పెట్టింది. దావీదురాజు ఖాళీ బండి అదే దారిన పోతోంది. ఎక్కించుకున్నాడు. దారి పొడవునా అతనికి ఒక్క హాస్యం కూడా చెప్పలేదు. అన్నా, ఒంట్లో బాగలేదా అని రెండుసార్లు అడిగాడు. సంతలో మూడు రోజులకు చేరే మాటలు ఇక వద్దనుకున్నాను.

బండి కాటా ఎక్కింది. ముందుకు రండి అంది స్తంభం. దావీదురాజు నన్ను చూసి నవ్వాడు. ఆపండి. దిగండి. ఆ మాట ఎన్ని లక్షలసార్లు అన్నానో తెలీదు, ఎప్పుడూ అద్దానికి ఇవతల ఉండి అన్నదే. క్యారియరు పట్టుకుని దిగాను. నా మాట నేను విన్నది అదే మొదలు. పైన ఎర్ర అంకెలు కాసేపు తడబడి నిలిచాయి. అతని బండి ఖాళీ తూకం నాకు నోటికి వచ్చు. పది కిలోలు అటూఇటూ అంతే. నేను దిగినందుకు దానికేమీ తగ్గలేదు. ఖాళీ బండికి కూడా ఎంత బరువుంటుందో మామూలు జనానికి తెలియదు. అద్దాల గదిలో కుర్చీ ఒక్కటే ఉంది. గేటు దగ్గర కార్డు ఇచ్చి సంతకం పెట్టి, ఎదురొచ్చిన బస్సెక్కాను.

ఇంటికి చేరేసరికి పదకొండు కాలేదు. ప్రమీల చివరి అంచు కొట్టి నాడె పక్కన పెట్టింది. నన్ను చూసింది. లేచి వచ్చి నా చేతిలోంచి క్యారియరు తీసుకుంది. ఒకసారి పైకీ కిందికీ ఆడించి బరువు చూసింది. నిండుగానే ఉంది. వంటింట్లో పెట్టి వచ్చి, చీరను ముందుకు లాగి, నెయ్యని పోగులు అచ్చుకూ చీరకూ మధ్య బిగుతుగా నిలబెట్టింది. గోడకు వేలాడుతున్న కత్తెర తీసి నాకిచ్చింది.

"జానెడు ఇడిసి కొయ్యి."

అచ్చు దగ్గర నుంచి జాన పెట్టి కొలిచాను. నమ్మకం చాల్లేదు. ఇంకో జాన పెట్టాను. అక్కడ కోశాను. చీర ఆమె ఒళ్లో పడింది.

"మూరెడు మగ్గానికే ఇడిసినావు గదా మామా. అమ్మవారి చీరకు కుచ్చులేసేదానికి ఏం మిగిల్చినావు?"

"నాలుగేళ్లు."

ఆమె చీర కొసన తన నాలుగు వేళ్లు ఆనించి చూసుకుంది. అమ్మను పసుపు కుంకుమ తీసిపెట్టమని కేక వేసి, చాప మీద కూర్చుని, ఒక చివర నుంచి కుచ్చులు ముడి వెయ్యడం మొదలుపెట్టింది. నేను రెండో చివర పట్టుకున్నాను.